ఆయమ్మ కంట పడకూడని చెత్త

ఆ చిన్నపిల్లల బడిలో పదిహేడేళ్ళుగా ఆవిడే ఆయా. పిల్లలకి ఆయమ్మ, టీచర్లకి ఆయమ్మ, ఆఖరికి గేటు దగ్గర పాలు పోసేవాడికీ ఆయమ్మే. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తుందో లేదో కూడా చెప్పలేం.

బడంటే ఎంత, మూడు గదులు, ఒక వరండా, వెనకాల చేతులు కడుక్కునే కుళాయిల వరస. కుళాయిల కింద సిమెంటు గట్టు. గట్టు మూల పిడికెడంత తూము. గదులు కడిగిన నీళ్ళయినా, పిల్లలు చేతులు కడిగిన నీళ్ళయినా ఆ తూములోంచే గోడ అవతలి కాలవలోకి పోవాలి. నెల్లాళ్ళుగా సరిగ్గా పోవడం లేదు.

మొదట్లో గుడగుడమంటూ ఆగి ఆగి పోయేవి. తర్వాత అదీ మానేశాయి. ఎప్పుడు చూసినా మడమల లోతు నీళ్ళు, ముక్కు మూసుకోవాల్సిన వాసన, పట్టపగలే దోమలు. పిల్లల పిక్కల నిండా దద్దుర్లు. ఇద్దరు జ్వరమని రావడం మానేశారు. వాళ్ళ అమ్మలు వచ్చి పెద్దమేడం గదిలో గట్టిగానే మాట్లాడి వెళ్ళారు. వాళ్ళు అటు వెళ్ళగానే ఆయమ్మకి పిలుపొచ్చింది.

"గదులు ఊడ్చి చెత్త తూములోకి తోసేస్తున్నావా?"

"లేదమ్మా. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ తోయలేదు."

"మరి తూము దానంతటదే పూడుకుపోయిందా? నీకు మోకాళ్ళు వంగట్లేదని నాకూ తెలుసు. బుట్ట గేటు దాకా మోయలేక దగ్గర దారి చూసుకున్నావేమో." పెద్దమేడం గొంతు పెంచలేదు. "శనివారం లోపల సంగతేంటో తేల్చు. లేదంటే సోమవారం నుంచి ఇంకొకరిని చూసుకుంటాను."

చెయ్యని తప్పుకి మాట పడటం కంటే మోకాళ్ళ మాటే ఎక్కువ గుచ్చుకుంది, అది నిజం కాబట్టి. ఇక్కణ్ణుంచి పొమ్మంటే ఎక్కడికి పోతుంది? వంగలేని మనిషి చేతికి చీపురెవరిస్తారు?

పైగా ఆ పిల్లలకి శుభ్రం నేర్పింది తనేనని ఆవిడ నమ్మకం. టీచర్లు పుస్తకంలో బొమ్మ చూపించి పాఠం చెప్పేవారు. పాఠం అయిపోయేది, పెన్సిలు చెక్కిన పొట్టు మాత్రం నేల మీదే ఉండేది. ఈ ఏడు మోకాళ్ళు మరీ మొరాయించేసరికి ఆయమ్మ ఒక పద్ధతి పెట్టింది. ఇంటిగంటకి ముందు చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడేది.

"గంట కొట్టేసరికి చెత్తన్నది నా కంట పడకూడదు. పడిందా, మీరే ఊడ్చుకోండి, నా వల్ల కాదు."

మంత్రం వేసినట్టు పని చేసింది. గంట కొట్టేసరికి గదులు అద్దాల్లా ఉండేవి. వరండాలో చెత్తబుట్ట కూడా తేలిగ్గా ఉండేది. అది తేలిగ్గా ఎందుకుందో ఆవిడ ఆలోచించలేదు. మోయడానికి సుఖంగా ఉంది, అంతే.

శుక్రవారం మధ్యాహ్నం మరిదిని పిలిపించింది. కాలవలు బాగుచేయడమే అతని పని. కొక్కెం ఉన్న పొడవాటి ఇనప చువ్వ భుజాన వేసుకుని వచ్చాడు.

"ఏం వదినా, మా అన్నకి అన్నం పెట్టడానికి తీరిక ఉండదు గానీ తూములకి కాపలా కాస్తున్నావా?"

"ముందు పని చూడు. మీ అన్న సంగతి మీ అన్న చూసుకుంటాడు."

చువ్వ రెండు మూరలు లోపలికి పోయి ఆగింది. అతను తిప్పి, లాగి, మళ్ళీ తిప్పాడు. నల్లటి ముద్ద ఒకటి బయటికొచ్చింది. దాని వెనకే ఇంకోటి. బిస్కెట్ కాగితాలు, పెన్సిలు ముక్కలు, అరటి తొక్కలు, ఒక రిబ్బను, ఒక మేజోడు.

"నువ్వు చదవని చదువంతా ఇందులోనే ఉన్నట్టుంది వదినా," అన్నాడు పెన్సిలు ముక్కలు పక్కకి తోస్తూ.

అప్పటికే పిల్లలు చుట్టూ మూగారు. "ఆ రిబ్బను నాదే," అందొక పిల్ల, తప్పిపోయిన చుట్టం కనపడినట్టు. గోల విని పెద్దమేడం వచ్చింది. ఆ ముద్దల వంక చూసి, ఆయమ్మ వంక చూసి, పిల్లల్ని అడిగింది.

"ఇవన్నీ ఇందులో వేసిందెవరు?"

చేతులన్నీ ఒక్కసారే లేచాయి. బెదురు లేదు సరికదా, నా చెయ్యి కనపడుతోందా లేదా అని మునివేళ్ళ మీద నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు.

"తిలా పాపం తలా పిడికెడు," అన్నాడు మరిది మెల్లగా.

"బుట్ట ఉండగా తూములో ఎందుకు వేశారు?"

కదిలే పన్నుని నాలుకతో తోసుకుంటూ నిలబడ్డ పిల్ల ఒకతి జవాబు చెప్పింది. "బుట్టకి మూత లేదు కదా మేడం. అందులో వేస్తే కనపడుతుంది. ఆయమ్మ కంట పడకూడదంది."

ఆయమ్మ మీది నెపం పిల్లల మీదికి పోయింది, నోరు మూసుకుంటే గండం గడిచినట్టే. కానీ ఆ పిల్ల మంచిపని చేసినట్టు తన మొహంలోకే చూస్తోంది.

"నిజమేనమ్మా. చెత్త నేను తోయలేదు, తోయించింది మాత్రం నేనే. కనపడొద్దన్నాను, ఎక్కడ వేయాలో చెప్పలేదు. బుట్ట ఎందుకు ఖాళీగా ఉందో కూడా చూడలేదు."

మూడు వారాలుగా శుభ్రమైన గది అని ఆ పిల్లలకే చుక్క బొమ్మ అంటించింది పెద్దమేడమే. "నేనూ నేలే చూశాను," అందావిడ.

"వీళ్ళని ఒక్కసారి గోడ అవతలికి తీసుకెళ్ళనా అమ్మా?"

పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వెళ్ళారు. కాలవ గట్టున ఆయమ్మ మోకాళ్ళు పట్టుకుని వంగి, తూములోంచి అప్పుడే వచ్చిపడిన నిలవ నీళ్ళు గాజుగ్లాసులో ముంచి చూపించింది. సన్నటి తోకపురుగులు కిందికీ పైకీ గంతులేస్తున్నాయి.

"ఇవి దోమపిల్లలు. మన చెత్త అడ్డం పడి నీళ్ళు ఆగాయా, వీటికి ఇల్లు దొరికింది. మీ కాళ్ళ మీద దద్దుర్లు వీటి అమ్మల పనే. ఇకమీదట ఏదీ దాచొద్దు. నాకు చూపించి బుట్టలో వేయండి. తెలిసిందా?"

తెలిసిందన్నారు.

వెనక్కి వస్తుంటే పెద్దమేడం గుమ్మంలో ఎదురైంది. "సోమవారం," అనగానే ఆయమ్మ కాళ్ళు ఆగిపోయాయి. "సోమవారం తూముకి జాలీ బిగించడానికి మేస్త్రి వస్తాడు. నువ్వు పెందలాడే వచ్చి తలుపు తియ్యి."

సోమవారం జాలీ పడింది. నీళ్ళు గలగలా పోయాయి. ఆయమ్మ వరండాలో కూర్చుని టీ గ్లాసు అందుకుందో లేదో ఒకడు వచ్చి పెన్సిలు పొట్టు చూపించాడు. తర్వాత ఒకతి దారప్పోగు. ఇంకొకడు నేల మీద దొరికిన వెంట్రుక. వచ్చిన ప్రతివాడికీ "ఆ, చూశాను, వెయ్యి" అంటూ ఉంటే టీ మీద మీగడ కట్టింది.

చివరికి కదిలే పన్ను పిల్ల గుప్పిట మూసుకుని వచ్చి, తెరిచింది. అరచేతిలో పన్ను.

"ఇది చెత్తేనా ఆయమ్మా?"

ఆయమ్మ చల్లారిన టీ పక్కన పెట్టి, కొంగు చివర చింపి ఆ పన్ను అందులో మూట కట్టింది.

"కాదమ్మా. ఇది మీ అమ్మకి చూపించు."