మైకమ్మ గొంతు పోయిన మూడు వారాలు

కంటి ఆసుపత్రిలో టోకెన్లిచ్చే ఆవిడకి మైకు అక్కర్లేదు. "నలభై రెండూ!" అని కౌంటర్లోంచి ఓ కేక వేసిందంటే, నలభై రెండుతో పాటు వరండా చివరి బెంచీ మీద కునుకు తీస్తున్న డెబ్భై ఒకటి కూడా ఉలిక్కిపడి లేచి నిలబడేవాడు. అందుకే అందరూ మైకమ్మ అనేవాళ్ళు. ఎదురుగా కాదు, అంత ధైర్యం ఎవరికీ లేదు.

కేకతో ఊరుకుంటే బాగానే ఉండేది. ఇరవై ఆరేళ్ళుగా అదే కిటికీ, అవే అంకెలు. మనుషులు కూడా ఆవిడకి ఎప్పుడో అంకెలైపోయారు. "చీటీ ఎక్కడ పెట్టావ్? చదవడం రాకపోతే అడగడం కూడా రాదా?" అని వచ్చినవాళ్ళందర్నీ ఏకి పెట్టేది. మిగిలింది ఇంటికొచ్చాక మొగుడి మీద. ఆయన ఎలక్ట్రీషియను. షాకులకి అలవాటుపడ్డ మనిషి కనక నోరెత్తకుండా భోంచేసి లేచిపోయేవాడు.

యాభై మూడో ఏట ఆవిడ గొంతు పోయింది. ఓ సోమవారం పొద్దున "ఒకటీ" అని పిలవబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, "మూడు వారాలు ఒక్క మాట మాట్లాడకూడదమ్మా. గుసగుస కూడా వద్దు" అన్నాడు. మొహం గంభీరంగా పెట్టుకోవడానికి మొగుడు నానా తంటాలు పడ్డాడు. దారిలోనే ఓ పలకా, బలపాల పెట్టే కొన్నాడు. మొదటి రోజే నాలుగు బలపాలు విరిగాయి.

ఆ ఆదివారం ఆడపడుచు వచ్చింది. టీచరమ్మ, గట్టి విశ్వాసి. "చర్చికి రా వదినా" అని పదేళ్ళుగా పిలుస్తూనే ఉంది. ఈవిడ పదేళ్ళుగా ఏదో పుల్లవిరుపు మాటతో పంపేస్తూనే ఉంది. ఈసారి ఈవిడ బలపం వెతుక్కునేలోపే చెయ్యి పట్టుకుని బస్సెక్కించేసింది.

తప్పులు పట్టడానికే కూచుంది మైకమ్మ. పాటలో ఎవరి శ్రుతి ఎటు పోతోందో, ఎవరు ఆవలిస్తున్నారో గమనిస్తోంది. అంతలో పాస్టరు, "ఇప్పుడు కాసేపు ఏమీ అడక్కుండా, ఆయన సన్నిధిలో మౌనంగా ఉందాం" అన్నాడు. అంతా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో ఎందుకో ఓ ముసలమ్మ గుర్తొచ్చింది. కళ్ళకి కట్టుతో వచ్చి, "నా నంబరు పిలిచారా తల్లీ?" అని అడిగితే, "కళ్ళతో పాటు చెవులూ పోయాయా?" అంది తను. అందరూ నవ్వారు. ముసలమ్మ కూడా నవ్వింది, తప్పు తనదే అన్నట్టు.

మైకమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. సంచిలోంచి పలకా బలపం తీసి 'ప్రభువా, నన్ను క్షమించు' అని రాసి, ఆడపడుచు చూస్తుందేమోనని వెంటనే అరచేత్తో తుడిచేసింది. తుడిచేసినా, లోపల ఏదో ముడి విడినట్టయింది.

ఆసుపత్రిలో ఆవిణ్ణి గొంతు వచ్చేదాకా ఆపరేషను వార్డు బయట ఫైళ్ళు సర్దే పనికి వేశారు. అక్కడ ఓ ముసలి వడ్రంగి వణికిపోతూ కూచున్నాడు. ఏం చెయ్యాలో తోచక, పక్కన కూచుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఇక చూసుకోండి, సూదంటే ఉన్న భయం దగ్గర్నుంచి పోయిన పెళ్ళాం కబుర్ల దాకా ఏకబిగిన గంటసేపు చెప్పాడు. లోపలికి వెళ్తూ, "ఎంత బాగా మాట్లాడారమ్మా! గుండె తేలికైంది" అన్నాడు.

ఆ సాయంత్రం 'నా పని ఇదేనేమో' అని పలక మీద రాసి మొగుడికి చూపించింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

గొంతు తిరిగొచ్చింది గానీ సగమే, అదీ బొంగురుగా. ఆరు నెలలకి బాప్తిస్మం తీసుకుంటానంది. "నీళ్ళలో ముంచితే గొంతు మళ్ళీ పోతుందేమో, డాక్టర్ని అడిగావా?" అన్నాడు మొగుడు.

"పోతే నీకు పండగేగా" అని నవ్వింది.

అలాగని దేవదూత అయిపోలేదు. ఓసారి చీటీ పారేసుకున్న ఒకాయన్ని పాత పద్ధతిలోనే కడిగేసింది. మరుక్షణం నాలిక్కరుచుకుని, కౌంటర్లోంచి లేచి అతని వైపు నడిచింది. అతను బెదిరిపోయి తలుపు వైపు పరుగు తీశాడు. "పారిపోకు బాబూ, క్షమాపణ చెప్పడానికొస్తున్నా!" అంటూ ఆవిడ వెంటపడింది. గేటు దగ్గర దొరికాడు.

ఇప్పుడు రోజూ డ్యూటీకి గంట ముందే వచ్చి ఆపరేషను వార్డు బయట కూచుంటుంది. అడిగినవాళ్ళకి చిన్న ప్రార్థన, అడగనివాళ్ళకి ఊరికే తోడు. మొన్న మొగుడికే కంట్లో పొర తీయాల్సొచ్చింది. "నా చెయ్యి కూడా పట్టుకుంటావా, టోకెను తీసుకోవాలా?" అన్నాడాయన. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన మెల్లగా కబుర్లు మొదలుపెట్టాడు. లోపలికి పిలిచేసరికి ఆయన మాట ఇంకా సగంలోనే ఉంది.