అమ్మ ఊ

మొన్న హిందూపురంలో మా మేనకోడలు రెండు చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులు నా ముందు పెట్టి, కాలేజీ ప్రాజెక్టుకు వీటిని ఒకదానితో ఒకటి ఏ పద్ధతిలో మాట్లాడించాలో తేల్చమని కూర్చుంది. "అత్తా, వైర్లు తక్కువైతే సాలు, ఏదో ఒకటి సెప్పు" అంటుంది. ఏదో ఒకటి ఎట్లా చెప్పేది? అప్పటి నుంచీ నాకు ఒకచోట కాలు నిలవడం లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలా అనుకున్నదాన్నే. ఇదే ఊళ్లో కంట్రోల్ బోర్డులు చేసే చిన్న వర్క్‌షాపులో నా పని; అమ్మా నాయనా ధర్మవరంలో మగ్గం మీద. అంచులో పువ్వు వేసేటప్పుడు అమ్మ పక్కన నిలబడి పైదారాలు లాగి "ఊ" అనేది, ఆ ఊ వినిపించాకే నాయన అడ్డదారం చుట్టిన నాడె విసిరేవాడు. మా ఇంట్లో పగలంతా ఆ చప్పుడే. అమ్మ భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకుండా పోయాక, నాయన మగ్గం అమ్మేస్తానన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. కింద డిజైను గుర్తుంచుకోవడానికి ఒక బోర్డు, పైన దారాలు లేపడానికి ఇంకొకటి పెడతాను, కొన్నాళ్లు ఆగమని బతిమాలాను.

రెంటికీ నడుమ దూరం ఉంది కనుక అన్నిటికన్నా తేలికైన సీరియల్ పద్ధతి ఎంచుకున్నాను: కిందిది డిజైనులో ఒక్కో వరుసా చెబుతూ పోతుంది, పైది చేస్తూ పోతుంది. తీరా చూస్తే, దారాలు లేపే మోటారు తిరిగినప్పుడు ఒక్కోసారి ఒక వరుస దారిలోనే మాయమై, పువ్వు రేకు తెగిపోయేది. "ఇట్లయితే కాదులేమ్మా, మగ్గానికి బేరమొచ్చిండాది" అన్నాడు నాయన, నా ముఖం చూడకుండా.

ఆ సాయంత్రం హిందూపురానికి తిరిగి వస్తుంటే పాసింజరు రైలు పెనుకొండలో క్రాసింగు కోసం ఆగిపోయింది. లేస్తున్నాను, కూర్చుంటున్నాను, తలుపు దాకా పోయి వస్తున్నాను. ఎదురు సీట్లో ఒక అవ్వ మనవరాలికి కథ చెబుతూ చటుక్కున ఆపి, "ఊ కొట్టకుంటే నువ్వు ఇంటాండావో నిద్రపోతాండావో నాకేం తెలుస్తాది?" అంది. అమ్మ చేతిపని బోర్డుకు అప్పగించాను గానీ, అమ్మ ఊ మాత్రం మరిచాను!

మరుసటి ఆదివారానికల్లా పైబోర్డు ప్రతి వరుసకూ తిరిగి ఊ చెప్పేటట్టు రాశాను. ఊ రాకపోతే కిందిది అదే వరుస మళ్లీ చెబుతుంది. వస్తే పచ్చదీపం వెలుగుతుంది, నాయన నాడె విసురుతాడు. పువ్వు నిండుగా వచ్చింది, మగ్గం ఇంట్లోనే ఉండిపోయింది. గోడకానుకుని కూర్చున్న అమ్మ, దీపం వెలిగినప్పుడల్లా అలవాటుగా తనూ "ఊ" అనేది.

అమ్మ పోయాక, పచ్చదీపం వెలిగినా నాయన నాడె చేత్తో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయేవాడు.

ఇప్పుడు వైర్లే అక్కర్లేని బోర్డులు వచ్చాయి, అవి ఎంత దూరం నుంచైనా ఒకదానికొకటి జవాబిచ్చుకుంటాయి. ఈరోజు మళ్లీ కూర్చోబెట్టి నేను ఇదంతా చెబుతుంటే మేనకోడలు ఫోనులో ఏదో చూసుకుంటోంది. చెప్పడం ఆపి, ఊ కోసం ఎదురుచూస్తున్నాను.