ఎండ తగలని కోడలు

1968 జూన్‌లో నన్ను శృంగవరపుకోట పక్కనున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి లేడీ హెల్త్ విజిటర్‌గా వేశారు. గర్భిణుల ఇళ్లకు వెళ్లి పరీక్షించి, బరువు, రక్తం, వాపులు, తిండి వివరాలు కార్డులో రాయడం నా పని.

ఒక పెద్ద రైతు ఇంట్లో కోడలు సరోజినికి నాలుగో నెల. తొలి కాన్పులో బిడ్డ బయటికి రాలేక లోపలే పోయింది. ఇప్పుడేమో నడుం, తొడలు ఒకటే నొప్పులు. గోడ పట్టుకుంటే గాని లేవలేదు. "ఈసారైనా బతుకుతాదా నర్సమ్మా?" అని వెళ్లినప్పుడల్లా అడిగేది. నేను పెరట్లో పాడిగేదెల్ని చూసి, తిండి బాగుందని రాసి, వాతం మాత్రలిచ్చి వచ్చేదాన్ని. రెండు నెలలు అదే తంతు. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మా డాక్టరుగారు కార్డు చదివి, ఆ అమ్మాయి ఎండలోకి వస్తుందా అని అడిగారు. నేనెప్పుడూ కనుక్కోలేదు. ఆ ఇంట్లో ఘోషా. పగలు కోడళ్లు పెరట్లోకి కూడా రారు. ఎండ సోకకపోతే ఒంట్లో విటమిన్ డి తయారవదని, అది లేనిదే ఎన్ని పాలు తాగినా అందులోని సున్నం, అంటే కాల్షియం, ఎముకకు పట్టదని ఆయన వివరించారు. మెత్తబడ్డ కటి ఎముక వంగిపోతే బిడ్డకు దారి ఇరుకవుతుంది.

వెళ్లి చెబితే అత్తగారు అప్పలనరసమ్మ గారు గయ్యిమన్నారు. "మా కోడల్ని బయట కూకోబెడతావేటి? ఊరోళ్లు సూడరా?"

రెండు నెలలు పోగొట్టిన తప్పు నాదేనని చెప్పాను. చెబుతుంటే సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆవిడ మర్నాటికి పెరట్లో నాలుగువైపులా తాటాకు తడకలు కట్టించి, కోడలితోపాటు తానూ లోపల కూర్చున్నారు. "ఎండ ఇంత హాయిగుంటాదని మరిసిపోనానమ్మా" అన్నారు. ముప్పై ఏళ్లుగా ఆవిడదీ ఘోషాయే మరి.

విటమిన్ డి, కాల్షియం మాత్రలు కూడా వేయించాం. ఎనిమిదో నెలకు సరోజిని తనంతట తానే లేచి నడిచింది. నాకు పట్టరానంత సంతోషం వేసింది. కాని వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. కటి కొలతలు చూసి డాక్టరుగారు ఆపరేషన్‌కు విశాఖపట్నం పెద్దాసుపత్రికి రాశారు. బయల్దేరే రోజున మా కేంద్రం జీపుకు తెర కట్టాలా అని డ్రైవరు అడిగితే, "తెర్లూ లేవు, గిర్లూ లేవు, బేగి పోనీ" అన్నారు అత్తగారు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఆ తర్వాత నా సర్వీసులో ఏ గర్భిణి ఇంటికి వెళ్లినా, ఆమె పగలంతా ఎక్కడ కూర్చుంటుందో చూశాకే ఏం తింటుందని అడిగాను.