గొంతు వినేదాకా

పటాన్‌చెరు బస్టాండు పక్క హోటల్లో ఉప్మా అడుగుతూ, పాలు తగిలితే నా గొంతు వాచిపోతుందని చెప్పాను.

"ఉప్మాల పాలెందుకుంటయ్ సార్?" అన్నాడు హోటలతను.

ముద్ద ఎత్తగానే, పక్కనే నిలబడ్డ, కంపెనీ యూనిఫాంలో ఉన్న ఒకామె నా చెయ్యి పట్టుకుంది.

"వద్దన్నా! మీద నెయ్యి పోసిండు, నేను సూసిన."

తన టిఫిన్ డబ్బా తెరిచింది. జొన్నరొట్టె, పల్లీల తొక్కు.

"పిండి, నీళ్లు, అంతే. తినన్నా."

భయపడుతూనే మింగాను. కంపెనీ బస్సు వచ్చి హారన్ కొడుతోంది. ఆమె కదల్లేదు.

"గొంతెట్లుంది? జెర మాట్లాడు."

"తొక్కు బాగుంది," అన్నాను.

అప్పుడు పరుగెత్తింది.

తర్వాత నగరంలో పాలూ నెయ్యీ వాడని వీగన్ హోటళ్లు చాలా తిరిగాను. రుచికి వంక పెట్టను. తిన్నాక నా గొంతు వినడానికి మాత్రం ఎవరూ ఆగలేదు.