చిల్లులు పెట్టిన టైర్లు

మా అమీర్‌పేట సందులో మూడో అంతస్తులో ఉండే ఇంజనీరు గారు పోయిన నెల ఒక గురువారం పొద్దున చనిపోయారు. నేను జిరాక్స్ షాపు షట్టరు ఎత్తుతుంటే ఎదురు దుకాణం పంక్చర్ భాయ్ వచ్చి చెప్పాడు. "మన సార్ పోయిండన్నా," అని, చేతుల మసి ప్యాంటుకు తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డాడు. పంజాగుట్ట శ్మశానానికి పదిమందిమి కూడా పోలేదు. వాన పడుతోంది.

ఆయన గురించి రాయడానికి నాకంటే తగినవాళ్లు ఉంటారు. కానీ ఆయన చివరి కాగితాలన్నీ నా మిషన్ మీదుగానే పోయాయి. వాటిలో నేను టైపు చేసిన ఒక కాగితం ఆయన మీద ఫిర్యాదు. అందుకని రాస్తున్నాను.

ఆయనది కోస్తా. రోడ్లు, వంతెనల పనిలో సర్కారు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఆయనకు ఒకటే పట్టు. సందు చివర, బల్కంపేట వైపు నాలా గట్టు మీద అప్పుడు ఎనిమిది ఇళ్లుండేవి. చివరిది పంక్చర్ భాయ్ గది. ప్రతి వానాకాలం ఆ గట్టు కొంత కరిగేది. పాత టైర్లలో మట్టి, కంకర కూరి, ఇటుకల్లా వరుసలు పేర్చి గోడ కడితే గట్టు నిలుస్తుందని ఆయన అనేవారు. టైర్లు ఊరికే దొరుకుతాయి. కూలీలకూ కంకరకూ మాత్రం సర్కారు డబ్బు కావాలి. వాడిపారేసిన సామానుతో కట్టే పనులకు సాయం ఇచ్చే పథకం ఒకటుందని తెలుసుకుని దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టారు.

షాపుకు వచ్చినప్పుడు గొడుగు బయటే పెట్టేవారు, కాగితాల మీద చుక్క పడకూడదని. ప్రతి కాపీ నిలబడే చదివేవారు. పాడైన కాపీ పారేయనిచ్చేవారు కాదు, వెనకవైపు పెన్సిలుతో లెక్కలు వేసుకునేవారు. "గోడను పడగొట్టేది మట్టి కాదండీ, వెనక దారి దొరకని నీళ్లు," అని ఎన్నిసార్లు చెప్పారో.

భాయ్ ఆయన్ని ఆటపట్టించేవాడు. "గీ టైర్లు బండికే పనికి రాలె, నా ఇంటికేం పనికొస్తయి సార్?"

"పరిగెత్తే ఓపిక పోయింది దానికి. కూర్చునే ఓపిక ఉంది. నాలాగే," అనేవారు ఆయన, టైరు అంచును బొటనవేలితో నొక్కి చూస్తూ.

ఆ పథకంలో ఒక షరతుంది. సరుకు ముందు స్థలంలో ఉండాలి, ఆఫీసరు వచ్చి చూడాలి, ఆ తర్వాతే డబ్బు. ఎండాకాలంలో భాయ్ చుట్టుపక్కల పంక్చర్ షాపులన్నీ తిరిగి టైర్లు తెచ్చి నాలా పక్క ఖాళీ జాగాలో గుట్ట పోయించాడు. ఆఫీసువాళ్లు వచ్చేవారం చూస్తామన్నారు. ఆ వచ్చేవారం రాలేదు. వానలు వచ్చాయి.

గోడ వెనక నీళ్ల గురించి అంత చెప్పిన మనిషి, గుట్టలో ఉన్న టైర్ల కడుపులో నీళ్లు నిలుస్తాయన్నది మరిచిపోయారు. మొదటి వాన తర్వాత గుర్తొచ్చింది. భాయ్ గదిలోంచి వైరు లాగించుకుని, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, డ్రిల్లుతో ఒక్కో టైరుకు రెండు చిల్లులు పెట్టడం మొదలుపెట్టారు. మోకాళ్ల నొప్పి మనిషి. రోజుకు ఐదారు కంటే అయ్యేవి కావు.

"ఎవరినన్న పెట్టుకోరాదా సార్?" అన్నాను.

"తెప్పించింది నేను కదండీ."

సగం కూడా కాకముందే సందులో జ్వరాలు మొదలయ్యాయి. ఇంటర్ చదివే నా బిడ్డకు డెంగీ వచ్చింది. సోమాజిగూడ ఆస్పత్రిలో వారం రోజులు ఉంచారు. తను ఇంకా అక్కడ ఉండగానే కాలనీవాళ్లు షాపుకొచ్చారు. టైర్లు తీసేయించాలని ఫిర్యాదు నేనే టైపు చేశాను. మొదటి సంతకం నాది. ఆ పరిస్థితే మళ్లీ వస్తే మళ్లీ పెడతాననే అనుకుంటాను. మూడో రోజు మున్సిపాలిటీ లారీ వచ్చి, చిల్లులున్నవీ లేనివీ అన్నీ ఎత్తుకుపోయింది.

ఇంకో రెండు వారాలకు ఆఫీసరు వచ్చాడు. స్థలంలో సరుకు లేదని రాసుకుని పోయాడు. సాయం ఆగిపోయింది.

ఆ మర్నాడు ఇంజనీరు గారు షాపుకు వచ్చారు. గొడుగు బయట పెట్టి ఒక కాగితం ఇచ్చారు. నేను టైపు చేసిన ఫిర్యాదే, నోటీసుతో పాటు ఆయనకు పంపారు. "ఒక కాపీ తీయండి, ఫైల్లో ఉండాలి," అన్నారు. తీశాను. నా సంతకం రెండు కాగితాల మీదా కనబడుతోంది. ఆయన ఎప్పటిలాగే నిలబడి మొత్తం చదివారు.

"అమ్మాయి అన్నం తింటోందా అండీ?"

"తింటుంది సార్."

"నీళ్లు బాగా తాగమనండి," అని వెళ్లిపోయారు.

మరుసటేడు వానకు గట్టు తెగింది. భాయ్ గది నాలాలోకి జారిపోయింది. ఆ టైముకు అతను దుకాణంలో ఉన్నాడు. ఇంజనీరు గారు ఆ అంచున చాలాసేపు నిలబడ్డారు. భాయే ఆయనకు చెప్పాడు, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, గది పోయింది గని దుకాణం ఉన్నది కద." అప్పటి నుంచి భాయ్ దుకాణంలోనే పడుకుంటున్నాడు.

పదో రోజు దాటాక ఆయన భార్య ఫైలు తెచ్చి నాకిచ్చారు. "మీ షాపులోంచి వచ్చినవే కదండీ, మీరే చూడండి." అడుగున పెన్సిలుతో రాసిన కొత్త దరఖాస్తు ఉంది. అందులో మొదటి షరతు ఆయనే పెట్టుకున్నారు: "టైరు స్థలానికి తెచ్చిన రోజే చిల్లులు పెట్టాలి. మొదటిసారి నేను ఆ పని చేయలేదు. కాలనీలో జ్వరాలు వచ్చాయి. ఫిర్యాదు సరైనదే." దాని వెనక ఆ ఫిర్యాదు కాపీ గుచ్చి ఉంది.

దాన్ని టైపు చేశాను. అడుగున ఇంజనీరు సంతకం కావాలి. ఆ చోటు ఖాళీగా ఉంది. గట్టు మీద ఇంకా ఏడు ఇళ్లున్నాయి.

ఆ టైర్లలో ఒకటి మాత్రం లారీ ఎక్కలేదు. భాయ్ దుకాణం ముందు బోర్డుకు ఆనించి ఉంటుంది. నిన్న వాన తగ్గాక చూశాను. ఆయన పెట్టిన చిల్లులోంచి నీళ్లు దారంలా కారుతున్నాయి, సందు వాలు వెంట నాలా వైపు పోతున్నాయి. కాసేపటికి టైరు కడుపు ఖాళీ అయింది.