గుండెకాయ కోలాటం

యేసమ్మ టీచర్‌కు ఒకచోట నిలబడి పాఠం చెప్పడం చేతకాదు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కూలీ ఇంట్లో పుట్టింది. క్రిస్మస్ వస్తోందంటే మెథడిస్టు చర్చి ముందు కోలాటం వేసే ఆడపిల్లల్లో ముందు వరుస ఆమెదే. అదే పిల్లను పరీక్షలో గుండె బొమ్మ గీయమంటే తెల్లకాగితం ఇచ్చి వచ్చేది. బట్టీ పట్టినదంతా పరీక్ష గది గడప దాటేలోపే ఆవిరైపోయేది. అలాంటి మనిషి పట్టుబట్టి చదివి, పోయి పోయి సైన్సు టీచరే అయింది. దేవుడికి కూడా వేళాకోళం తెలుసని తనే నవ్వుతూ చెప్పుకునేది.

ఎనభై ఎనిమిదిలో ఆమె రుద్రూర్ అవతల ఒక చిన్న ఊరి బడిలో పనిచేస్తోంది. చలికాలం, చెరకు బండ్ల కాలం. బండి బడి ముందు నుంచి పోయిందంటే చాలు, ఏడో తరగతి సగం దాని వెనకే పరుగెత్తేది. మిగిలిన సగం గుండె పాఠం వల్లె వేసేది. కర్ణికలు రెండు, జఠరికలు రెండు అని అరిచి మరీ చెప్పేవాళ్లు. అక్కడి నుంచి రక్తం ఎటు పోతుందని అడిగితే మాత్రం పైకప్పు వాసాలు చూసేవాళ్లు. యేసమ్మకు పిల్లల మీద కోపం రాలేదు, ఆ వల్లెవేత మీద ఒళ్లు మండింది. తన చిన్నతనమంతా తినేసింది అదే మరి.

మర్నాడు బడి ముందు సున్నంతో గుండె గీసింది. పైన రెండు గదులు, కింద రెండు గదులు. పిల్లల చేతికి కోలలు ఇచ్చి, చెడు రక్తానికి గుర్తుగా భుజాన నీలం గుడ్డ వేసింది. కుడివైపు పై గదిలోకి వచ్చి, కింది గదిలోకి దిగి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల దగ్గరికి పోవాలి. అక్కడ ఇద్దరు ఆడపిల్లలు నీలం గుడ్డ తీసి ఎర్రగుడ్డ వేస్తారు. అప్పుడు ఎడమవైపు గదుల గుండా ఒళ్లంతా తిరగడానికి పోవాలి. అటెండర్ లింబయ్య డోలక్ పట్టాడు. ఊరి కోలాటంలో ఆయన చేయి పడితే ముసలివాళ్లకు కూడా కాళ్లు ఆగవని పేరు.

అందరికీ అడుగు పడింది, ఒక్క గంగుబాయికి తప్ప. అందరూ ఎడమకు తిరిగితే ఆ పిల్ల కుడికి తిరిగి ఎవరినో ఒకరిని గుద్దేది.

"నాకు రాదు టీచర్, నేను ఇంటికి పోత" అని ముఖం ముడుచుకుంది.

"ఎటు పోతవే? తలుపు కాడ ఎవలన్న ఉండాలె గద! నువ్వు కవాటానివి. పై గది నుంచి వచ్చేటోళ్లను పోనియ్యి. కింది గది నుంచి ఎన్కకొస్తే చేతులు అడ్డం వెట్టు. గంతే" అంది యేసమ్మ. కుడివైపు పై గదికీ కింది గదికీ నడుమ నిలబెట్టింది.

హెడ్మాస్టర్ ఆత్మారాం సారుకు ఈ చప్పుడు గిట్టలేదు. ఆయన సోషల్ చెప్తాడు, గోడకు పటం వేలాడదీసి కర్రతో చూపిస్తాడు. అంతకు మించి కదిలితే అది పాఠం కాదని ఆయన నమ్మకం.

"ఇది బడా, జాతరా? రేపు తనిఖీకి పెద్దసారు వస్తున్నరు టీచర్. ఆయన ముందట ఆడిపియ్యుండ్రి. ఆయన మంచిగుందంటే సరే. లేకుంటే ఈ కట్టెలు ఇగ బడిల కనవడొద్దు" అనేశాడు.

యేసమ్మకు అన్నం సహించలేదు. కోలలు పోతే పిల్లలు మళ్లీ ఆ వల్లెవేతలోకే పోతారు. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

మర్నాడు పెద్దసారు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆట మొదలైంది. నీలం గుడ్డలు పోతున్నాయి, ఎర్రగుడ్డలు వస్తున్నాయి. అంతా సాఫీగా సాగుతుంటే లింబయ్యకు ఉత్సాహం తన్నుకొచ్చింది. కోలాటం ఊపు మీదున్నప్పుడు డోలక్ దెబ్బ మారిస్తే వరుసంతా గిరుక్కున వెనక్కి తిరుగుతుంది. ఆ దెబ్బ వద్దని టీచర్ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అంత పెద్ద అధికారి ఎదురుగా ఉంటే లింబయ్య చేయి ఊరుకుంటుందా? వేశాడు.

వరుస గిరుక్కున తిరిగింది. రక్తం వచ్చిన దారినే వెనక్కి పట్టింది. ఆత్మారాం సారు నుదురు కొట్టుకున్నాడు. ఇక అయిపోయిందనుకుంది యేసమ్మ.

"ఆగుండ్రి!"

గంగుబాయి రెండు చేతులూ అడ్డం పెట్టింది. ముందున్న నర్సింలు వచ్చి గుద్దుకున్నాడు, వాడి మీద వెనకవాళ్లంతా కుప్పపడ్డారు.

"జరుగవే! డోలక్ మారింది ఇనవడలేదా?" అన్నాడు నర్సింలు కిందినుంచి.

"మారితే మారని. నేను తెరిస్తే మనిషి సస్తడు!"

పెద్దసారు కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చాడు. "ఎందుకు చస్తాడమ్మా?" అని అడిగాడు.

"నెత్తురు ఎన్కకొస్తే ఊపిరితిత్తులకు పోయేది తక్వైతది సార్. ఆడికి పోకుంటే మంచి నెత్తురు ఏడికెళ్లొస్తది?"

"ఇది మీ పుస్తకంలో లేదే. ఎవరు చెప్పారు?"

"ఎవలు జెప్పలే సార్. గీడ నిలవడితే నాకే ఎర్కైంది."

యేసమ్మకు కళ్లనీళ్లు ఆగలేదు, నవ్వూ ఆగలేదు. కొంగుతో ముఖం దాచుకుంది. పెద్దసారు ఆత్మారాం సారు వైపు తిరిగి, "ఈ కోలలు జాగ్రత్తగా పెట్టించండి, విరిగితే కొత్తవి కొనండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆమె బస్సు కోసం నిలబడి ఉంటే ఆత్మారాం సారు మెల్లగా వచ్చాడు. ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"టీచర్, కందకుర్తి కాడ మంజీర వచ్చి గోదారిల కలుస్తదని ఏండ్ల సంది చెప్తున్న. ఒక్కనికి పట్టదు. దానికి గిట్లనే ఏమన్న అయితదా?"

"ఎందుకు కాదు సార్! పిల్లలు గోదారైతరు. మరి మంజీర ఎవలు?"

ఆయన ఇంకోసారి అటూ ఇటూ చూసుకున్నాడు. "నేనొస్త. చిన్నప్పుడు నాకు కోలాటమంటే పానం. మా బాపు కొట్టి మాన్పిచ్చిండు" అన్నాడు.

ఆ వారమే మంజీరా నది పంచె ఎగ్గట్టుకుని, రెండు చేతుల్లో కోలలు పట్టుకుని, ఎగురుకుంటూ వచ్చి గోదావరిలో కలిసింది.