బావగారి ఐ-సెవెన్

2015 ఫిబ్రవరిలో నేను శ్రీకాకుళంలో ఒక ల్యాప్‌టాప్ సర్వీసు సెంటరులో కార్డ్ లెవెల్ టెక్నీషియన్‌గా ఉన్నాను. సెంటరంటే రెండు బల్లలు, మూడు స్టూళ్లు, ఒక ఏసీ. ఏసీ పనిచేసేది కాదు. బయట బోర్డు మీద రాయించేశాం కాబట్టి తీసెయ్యలేకపోయాం.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను రిటైరైనవాణ్నే గాని నా వయసు ముప్పై మూడు. మామూలుగా మనిషి రిటైరవుతాడు, పని మిగులుతుంది. మా దగ్గర పనే రిటైరైంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లను కంపెనీలు బోర్డుకే టంకం వేసి పంపడం మొదలుపెట్టాక, పాతది ఊడదీసి కొత్తది కూర్చోబెట్టే మా విద్యకు గిరాకీ పోయింది. వీడ్కోలు సభ జరగలేదు. శాలువా నేనే కొనుక్కున్నాను, చలికి.

మా వృత్తిలో రెండే హోదాలు. కార్డ్ లెవెల్ వాడు చెడిన భాగాన్ని మొత్తంగా తీసి ఇంకొకటి పెడతాడు. చిప్ లెవెల్ వాడు బోర్డు మీద చీమతలంత ముక్కని కూడా వేడిగాలితో లేపి మారుస్తాడు. కాంపౌండరుకీ డాక్టరుకీ ఉన్నంత తేడా. మా చిప్ లెవెల్ టెక్నీషియన్, యజమాని, రిసెప్షనిస్టు ముగ్గురూ ఒకే మనిషి. పేరు పైడిరాజు గారు. రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా ల్యాప్‌టాప్‌ల దాకా వచ్చారు. మంచి చేయి, చల్లని నోరు, లెక్కలేనంత మంది బంధువులు. మొదటి రెండూ వ్యాపారానికి పనికొచ్చాయి.

ప్రాసెసర్ మార్చమని ఎవరొచ్చినా ముందు జాబ్ షీటు నింపాలన్నది ఆయన పెట్టిన నియమమే. అసలు ఆ ప్రాసెసర్ ఊడేదేనా, టంకం వేసిందా? ఊడేదైతే అది కూర్చునే సాకెట్ ఏ రకం? బోర్డు మీది చిప్‌సెట్టూ, ఆన్ చెయ్యగానే మొదట లేచే బయోస్ అనే ప్రోగ్రామూ కొత్తదాన్ని గుర్తుపడతాయా? పాతది ముప్పై అయిదు వాట్ల వేడి పుట్టించేదైతే, కొత్తది నలభై అయిదు పుట్టిస్తే ఆ ఫ్యాను తట్టుకుంటుందా? బోర్డు మోడల్ చూసి, తయారీదారు ఇచ్చిన జాబితాలో వెతికి ఇవన్నీ రాశాక, అడుగున పార్టీ సంతకం. కస్టమర్‌ని మేం పార్టీ అనేవాళ్లం. ఇదంతా అయ్యేదాకా స్క్రూడ్రైవర్ ముట్టుకోకూడదు. నేనక్కడ పనిచేసిన నాలుగేళ్లలో ఈ నియమం ఒక్కసారే తప్పింది. తప్పించినది కూడా ఆయనే.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పైడిరాజు గారి అక్క భర్త సూర్యనారాయణ గారు వచ్చారు. ఆయనది పొందూరు. ఉద్యోగం కొత్తవలసలో, రైల్వేలో. ఒక చంకలో కూతురి ల్యాప్‌టాప్, జేబులో అగ్గిపెట్టె. అగ్గిపెట్టె తెరిస్తే దూది, దూది మీద ఒక ప్రాసెసర్. ముక్కుపుడకని కూడా అంత భద్రంగా తేరు.

"ఐ-సెవెన్‌రా పైడీ! ఇశాఖపట్నంలో మావోడొకడు ఇచ్చేడు. పాతది పీకీసి ఇది ఎట్టీ. సోమారం గుంటకి రివ్యూ ఉన్నాది."

గుంట అంటే ఆయన కూతురు జ్యోతి. విజయనగరంలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. వరి ఆకుల ఫొటోలు చూసి ఏ తెగులో చెప్పే ప్రోగ్రాం ఆమె ప్రాజెక్టు. ప్రోగ్రాం బాగానే ఉంది గాని, నాలుగు ఫొటోలు చూపిస్తే జవాబు చెప్పడానికి ముప్పావు గంట తీసుకుంటోంది. ఆలోగా చేలో తెగులు పక్క మడికి పాకుతుంది. సోమవారం బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్ ఒక్కొక్కరికి పావుగంట ఇస్తాడు. ఆ పావుగంటలో జవాబు రాకపోతే ప్రాజెక్టు నడవనట్టే. ఇంట్లో ఇంకో ల్యాప్‌టాప్ లేదు.

నేను అలవాటు కొద్దీ జాబ్ షీటు, పెన్ను ఆయన ముందు పెట్టాను. మా బాప్టిస్టు చర్చిలో కానుకల పళ్లేన్ని పక్కవాడి వైపు తోసినట్టు, ఆయన ఆ షీటుని ఒక్క వేలితో పక్కకి తోశారు.

"ఇదేట్రా పైడీ? నీ కుర్రోడు నన్ను సంతకం ఎట్టమంతన్నాడు! నానేటి, పార్టీనా?"

"కొత్తోడు బావా, తెలీక" అన్నారు పైడిరాజు గారు. నేను అప్పటికి రెండేళ్ల పాతవాణ్ని.

ఆయన్ని తప్పుపట్టలేను. సూర్యనారాయణ గారు ఆ ఇంటికి పెద్దల్లుడు. పెళ్లయిన కొత్తలో ఆయన కొన్న టేబుల్ ఫ్యాను కాస్త చప్పుడు చేస్తోందని మావగారు అన్నందుకు ఏడాదిన్నర అత్తారింటి గడప తొక్కలేదట. ఫ్యాను విషయంలోనే అంతైతే ఐ-సెవెన్ విషయంలో ఎంత? అల్లుడు తెచ్చింది సరిపోదని ఆ ఇంట్లో ఎవరూ అనరు. సరిపోయేలా మిగతా ప్రపంచాన్ని సర్దుతారు.

ల్యాప్‌టాప్ ఆన్ చేసి చూశాను. లోపల ఉన్నది మొదటి తరం ఐ-త్రీ. అగ్గిపెట్టెలోది రెండో తరం ఐ-సెవెన్. ఒక తరం సాకెట్‌లో ఇంకో తరం కూర్చోదు. దారి మూసుకుపోయింది. అల్లుడుగారి ఎదుట ఆ ముక్క చెప్పలేక, ఆయన భాషలో ప్రయత్నించాను.

"సార్, మన నౌపడా గుణుపురం చిన్న రైలు ఉండేది కదండీ. ఆ పట్టాల మీద పెద్దింజను పెడితే ఏమవుతుందండీ?"

"ఏటవుతాది? దాన్నీ బ్రాడ్‌గేజి సేసీసేరు కదేటి!"

రైల్వేవాళ్లతో రైలు పోలికలు తేకూడదని అప్పుడే తెలిసింది.

పైడిరాజు గారు వెనక మూత తీశారు. పైన ఫ్యాను, రాగి గొట్టం బిగించిన లోహపు పలక, దాని కింద ప్రాసెసర్. పలకనీ ఫ్యానునీ కలిపే తీసి పక్కన పెట్టారు. సాకెట్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, సగం తిప్పితే ప్రాసెసర్ వదులై చేతికొస్తుంది. వచ్చింది. ఐ-సెవెన్ పెట్టారు. కూర్చోలేదు. తిప్పి పెట్టారు. కూర్చోలేదు. సరైన ప్రాసెసర్ అడుగున ఉండే సన్న పిన్నుల కాళ్లతో సాకెట్‌లోకి దానంతటదే దిగుతుంది, వేలితో నొక్కాల్సిన పని ఉండదు.

"సార్, సాకెట్ వేరు..." అన్నాను మెల్లగా.

"దీనికెన్ని కాళ్లురా?" అని అడిగారు బావగారు.

"తొమ్మిది వందల ఎనభై ఎనిమిదండీ."

"పాతదానికో?"

"అన్నేనండీ. కాకపోతే ఒక్క కాలు వేరే చోట..."

"తొమ్మిదొందల ఎనభై ఏడు దిగుతన్నప్పుడు ఒక్కటి దిగనంటాదేటి? ఒరే పైడీ, నొక్కు!"

పైడిరాజు గారు ముప్పై ఏళ్ల అనుభవమున్న మనిషి. ఆ అనుభవమంతా ఆ క్షణాన బావగారి మొహం చూసి బొటనవేలు ఎత్తింది. నొక్కారు. కిర్రుమంది. తీసి చూస్తే అంచున నాలుగు కాళ్లు వంగాయి. ఇంకోసారి నొక్కితే సాకెట్ పగులుతుంది. సాకెట్ పగిలితే బోర్డు పోయినట్టే. దాంతోపాటు సోమవారం కూడా.

రెండో నొక్కుడుకి వేలు మళ్లీ లేస్తోంది. అప్పుడు నేను నా ఉద్యోగ జీవితంలోకెల్లా విలువైన అబద్ధం ఆడాను.

"సార్, పేస్టు అయిపోయింది."

ప్రాసెసర్‌కీ లోహపు పలకకీ మధ్య వేడి లాగే పేస్టు రాస్తాం. అది లేకుండా బిగిస్తే నిమిషాల్లో కాగిపోతుంది. పేస్టు ట్యూబు నా చేతికిందే ఉంది. దాని మీద జాబ్ షీటు కప్పాను. ఆ షీటు ఆ రోజు చేసిన ఉపకారం అదొక్కటే.

"అయ్యో, అవును బావా! పేస్టు రేపొస్తాది" అన్నారు పైడిరాజు గారు, ఉరికంబం మీంచి దించినంత సంతోషంగా. "ఆదివారం అట్టుకెలిపోదువు గాని."

"బేగి సెయ్యండి మరి. గుంట అన్నం తినడం నేదు" అని, ఆయన పాసింజరు బండికి వెళ్లిపోయారు. ఆ ఒక్క మాట మాత్రం ఆయన గట్టిగా అనలేదు.

షట్టరు దాకా చూసొచ్చి పైడిరాజు గారు స్టూలు మీద కూలబడ్డారు. "ఒరే దానియేలూ, ఏటి సేద్దామ్‌రా? సరిపోదంటే మా అక్క జీవితాంతం నన్ను తిడతాది. సరిపోయినాదంటే ఆన్ సేస్తే నెగదు. ఏటి దారి?"

దారి నాకూ తెలియదు. ముందు పాత ఐ-త్రీ తిరిగి పెట్టేద్దామని, పేస్టు రాసే ముందు, పక్కన పెట్టిన పలక నుంచి ఫ్యాను ఊడదీశాను. ఊడదీసి నవ్వాపుకోలేకపోయాను.

ఫ్యానుకీ రాగి రేకులకీ మధ్య గాలి వెళ్లే సందంతా తెల్లగా, మెత్తగా దట్టించి ఉంది. దుమ్మయితే బూడిద రంగులో ఉంటుంది. ఇది పత్తి. సూర్యనారాయణ గారి తల్లి సన్న ఖాదీకి నూలు వడుకుతారు. ఇంటి వసారాలో కూర్చుని వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు. జ్యోతి చదువుకునేది కూడా ఆ వసారాలోనే. ముసలామె ఏకిన పత్తిలో గాలికి లేచిందాన్నల్లా ల్యాప్‌టాప్ మూడేళ్లుగా లోపలికి పీల్చుకుంటోంది. పట్టకారుతో లాగితే బెత్తెడు పొడుగు పోగులుగా వచ్చింది. ఇంకాస్త ఓపిక పడితే చేతిరుమాలు నేసుకోవచ్చు.

ప్రాసెసర్ నెమ్మదిగా నడవడానికి కారణం అదే. వేడి బయటికి పోకపోతే ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఆ ఐ-త్రీకి వయసు మీద పడలేదు, ఊపిరాడలేదు.

శనివారం ఫ్యాను శుభ్రం చేసి, కొత్త పేస్టు రాసి, పాత ప్రాసెసర్‌నే బిగించి, జ్యోతి ప్రోగ్రాం నడిపించాం. నాలుగు ఫొటోలకి ఎనిమిది నిమిషాలు. పైడిరాజు గారు మూడుసార్లు నడిపించారు. మూడోసారి తెర మీద వచ్చిన జవాబుకి దణ్ణం పెట్టారు. "సార్, అది అగ్గితెగులు" అన్నాను.

ఆదివారం బావగారు వచ్చారు. ఏం అడిగితే ఏం చెప్పాలో పొద్దున్నించి అనుకుంటూనే ఉన్నాం. ఆయన ఏమీ అడగలేదు. ల్యాప్‌టాప్ ఆన్ చేశారు, టకటకా తెరుచుకుంది. "సూసేవేటి! నాను సెప్పలేదా? ఇంజను మార్సితే బండి ఎలగెల్తాదో!"

పైడిరాజు గారు పైకప్పు చూశారు. నేను ఏసీ చూశాను.

అంతటితో అయిపోయిందనుకున్నాం. ఆయన చెయ్యి చాపారు. "పాతదిలా ఇచ్చీ. నా సొమ్ము కదా."

పాతది ల్యాప్‌టాప్‌లో ఉంది. నేను డ్రాయరు తీసి, కాళ్లు వంగిన ఐ-సెవెన్‌కి పైన కాస్త ఎండిన పేస్టు పులిమి, దాని మీది అక్షరాలు కనబడకుండా చేసి, ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కిటికీ వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, చాలాసేపు పరీక్షించారు.

"అద్దీ! సూడ్రా పైడీ, కాళ్లెలగ వంకర్లు తిరిగిపోనాయో. ఇంకిది ఏటి నడుస్తాది?"

"అవును బావా" అన్నారు పైడిరాజు గారు. వెంటనే మూతికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతోనో భయంతోనో ఇప్పటికీ చెప్పరు.

ఆ సాయంత్రం నాకు కొత్త అనుమానం పట్టుకుంది. ప్రాజెక్టు రిపోర్టులో ఏ యంత్రం మీద నడిపారో రాయాలి. తండ్రి మాట నమ్మి ఆ అమ్మాయి ఐ-సెవెన్ అని రాస్తే, ఎగ్జామినర్ తెర మీద ఐ-త్రీ చూస్తే, మేం కాపాడిన ప్రాజెక్టుని మేమే ముంచినట్టు. షాపు ఫోన్ నుంచి జ్యోతికి చేసి, గుక్క తిప్పుకోకుండా నిజం చెప్పేశాను.

"అన్నయ్యా, ఆన్ సెయ్యగానే సూసేను" అంది తాపీగా. "రిపోర్టు రెండు కాపీలు తీసేను. కాలేజీకిచ్చేదాన్లో ఐ-త్రీ. నాన్నకి సూపించేదాన్లో ఐ-సెవెన్. మామయ్యకి సెప్పు, కంగారు పడొద్దని."

మర్నాడు రివ్యూ ఎనిమిది నిమిషాల్లో ముగిసింది. ఇంత పాత యంత్రం మీద ఇంత బాగా ఎలా నడిచిందని ఎగ్జామినర్ అడిగాడట. "పత్తి తీయించాం సార్" అని చెప్పిందట.

సూర్యనారాయణ గారు ఆ ప్రాసెసర్‌కి మూలన బెజ్జం వేయించి బండి తాళానికి తగిలించుకున్నారు. కొత్తవలస స్టేషన్‌లో ఎవరైనా ల్యాప్‌టాప్ స్లోగా ఉందంటే అది తీసి చూపించి, "ఇదీ ఐ-త్రీ అంటే" అనేవారని విన్నాను. ఆయన పంపిన పార్టీలు మాకు అయిదారుగురు వచ్చారు. అందరి చేతా షీటు నింపించి, సంతకం పెట్టించాం.

ఆ నెలలోనే పైడిరాజు గారు జాబ్ షీటు మళ్లీ అచ్చు వేయించారు. రెండు మార్పులు. ప్రాసెసర్ సరిపోతుందా అనే ప్రశ్న కంటే ముందు, ఉన్న ప్రాసెసర్‌కి గాలి ఆడుతోందా అన్నది చూసి రాయాలి. దాని కింద ఇంకో గడి: ఇంట్లో నూలు వడుకుతారా, అవును, కాదు. పొందూరు వైపు పార్టీల్లో సగం మందికి అవుననే రాశాను, వాళ్లలో చాలామందికి కొత్త ప్రాసెసర్ అక్కర్లేకపోయింది. సంతకం గడి మాత్రం ఆయన అలాగే ఉంచారు. అల్లుళ్లకి మినహాయింపు ఉందో లేదో అందులో రాయలేదు, నేనూ అడగలేదు.